ఫ్రిస్కోలో బ్రాండీవైన్ టమాటా: మొక్కేమో ఆరడుగులు, కాయలేమో రెండే

పెరటిపిచ్చి_ఫ్రిస్కో

అందరికీ నమస్కారం. మేముండేది డాలస్‌కి ఉత్తరాన, ఫ్రిస్కోలో. పోయిన చలికాలం కొత్తింట్లోకి వచ్చాం. పెరట్లో ఎండ బాగా పడే మూల చూసి మావారు చెక్కలతో రెండు ఎత్తు మడులు కట్టిచ్చారు. ఇక్కడి నల్లమట్టి సగం, బస్తాల్లో అమ్మే కంపోస్టు సగం కలిపి నింపాం.

నాకీ పిచ్చి పట్టించింది మా వదిన. తను న్యూజెర్సీ ఎడిసన్‌లో ఉంటుంది. ప్రతి ఆగస్టులోనూ అరచేతిలో పట్టనంత టమాటాలు తూకం మిషన్ మీద పెట్టి మరీ ఫ్యామిలీ గ్రూపులో ఫొటోలు పెడుతుంది. ఒక్క చక్రం కోస్తే బ్రెడ్ ముక్క మొత్తం మూసుకుపోతుంది. సరే, నేనూ వేద్దామని ఏప్రిల్ చివర్లో నర్సరీ నుంచి నాలుగు బ్రాండీవైన్ మొక్కలు తెచ్చి నాటాను. ఒక్కో కాయ పౌను పైనే తూగుతుందని అట్ట మీద రాసి ఉంది.

ఇప్పుడు జూన్ మూడో వారం. మొక్కలు నన్ను దాటేసి పెరిగాయి. ఆకులు వెడల్పుగా, ముదురాకుపచ్చగా, చూడ్డానికి మహా బాగున్నాయి. పూత కూడా గుత్తులు గుత్తులుగా వస్తోంది. తెల్లారి చూస్తే సగం కింద రాలిపోయి ఉంటోంది. మొత్తం నాలుగు మొక్కలకీ కలిపి నిలిచిన పిందెలు రెండంటే రెండు. అందులో ఒకటి అడుగున నల్లబడి తోలులా గట్టిగా అయిపోయింది.

సలహాలకేం కొదవ లేదు. తెనాలి నుంచి నాన్న "ప్లానోఫిక్స్ కొట్టమ్మా, పూత నిలబడుతుంది" అంటున్నారు. పక్కింటావిడ ఎప్సమ్ సాల్ట్ వెయ్యమంది. యూట్యూబ్‌లో ఒకాయన గుడ్డు పెంకులు, ఇంకొకాయన అరటితొక్కల నీళ్లు. మరొకరేమో పక్క పిలకలన్నీ తీసేసి ఒక్క కాండమే ఉంచాలంటారు. నేను మాత్రం వారం వారం ఆ నీలం రంగు ఎరువు నీళ్లలో కలిపి పోస్తున్నాను, స్ప్రింక్లర్ వారానికి రెండుసార్లు తిరుగుతుంది. ఏం చేస్తే కాయ నిలుస్తుందో, అదీ పెద్దదిగా ఎలా వస్తుందో తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్. ఆగస్టులోపు ఒక్క ఫొటో అయినా పెట్టాలి.


కోడిగుడ్డు_పులుసు

మీ వదిన దగ్గర కాయ తెప్పించుకుని మీ మొక్కకి కట్టేసి ఫొటో తియ్యండి. పని తేలిక.


నల్లరేగడి_ప్లానో

అమ్మాయ్, ముందు ఆ నీలం ఎరువు డబ్బా గరాజ్‌లో పెట్టి తాళం వెయ్. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

మాది పలనాడు. నాన్న మిరప, పత్తి వేసేవాడు. ప్లానోలో ఇల్లు కొన్న కొత్తల్లో పెరట్లో పార వేస్తే మా ఊరి నల్లరేగడే బయటపడింది. తడిస్తే బంక, ఎండితే నెర్రెలు. ఇక్కడ పునాది పగలకుండా ఇంటిచుట్టూ నీళ్లు పెట్టుకుంటారు, చూసే ఉంటావు. మట్టి మనదే కదా, సేద్యం కూడా మనదే చెల్లుతుందనుకుంటాం. మట్టి చెల్లుతుంది, అదును చెల్లదు. నీకొచ్చిన చిక్కంతా అదునుది.

టమాటా పూతకి పగటి ఎండ ఎంత చేటో రాత్రి ఉక్క కూడా అంతే చేటు. పగలు 90 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి, రాత్రి 75కి దిగకపోతే పుప్పొడి పాడవుతుంది. పూత వస్తుంది, విచ్చుకుంటుంది, కానీ పిందె కట్టదు. పువ్వు వెనక కాడ మీద చిన్న కణుపు ఉంటుంది చూడు, అక్కడ పసుపెక్కి తెగిపోతుంది. రాలిన పువ్వుల్ని ఏరి చూసుకో, అన్నీ అక్కడే తెగి ఉంటాయి. నిన్న రాత్రి మన ఊళ్లో ఎంత వేడి ఉందో ఫోన్లో చూసుకో, సందేహం తీరిపోతుంది. చెర్రీ టమాటాలు ఈ వేడికి కాస్త ఓర్చుకుంటాయి. కాయ పెద్దదయ్యేకొద్దీ ఓర్పు తక్కువ. అందులోనూ బ్రాండీవైన్ మరీ సుకుమారం, పైగా నాటాక 80 నుంచి 100 రోజులు తీసుకునే రకం. ఏప్రిల్ చివర నాటితే దాని అసలు పూత వచ్చేసరికి జూన్ నెత్తి మీదుంటుంది. నర్సరీవాడు ఏప్రిల్ చివర కూడా అమ్ముతాడు, వాడికేం? వాడు అమ్మేది మొక్క, కాయ కాదు.

నేను చేసేది చెప్తా. జనవరిలో గరాజ్‌లో లైటు కింద విత్తనం వేస్తా. ఫిబ్రవరిలో నారుని గ్యాలన్ కుండీల్లోకి మారుస్తా. మార్చి రెండో సగంలో, మంచు భయం పూర్తిగా పోకముందే మడిలో పెట్టేస్తా, కాండం సగం దాకా మట్టిలో పాతి. పాతిన కాండం పొడుగునా వేళ్లు దిగుతాయి టమాటాకి. చలి హెచ్చరిక వచ్చిన రాత్రి పాత దుప్పట్లు కప్పుతా. (ఆ నెలంతా మా ఆవిడ మంచి దుప్పట్లు దాచేస్తుంది.) ఏప్రిల్, మే నెలల్లో పట్టిన పిందే మనకి కాత. జూన్‌లో కోసుకోవడం, అంతే. మొగ్గ కట్టే రోజుల్లో మరీ చలి తగిలితే మొదటి గుత్తి కాయలు వంకరటింకరగా, అడుగున కుట్లు వేసినట్టు వస్తాయి. పెద్ద కాయల రకాలకి ఆ రోగం ఎక్కువ. రుచికేం లోటుండదు, వంకర తీసేసి తినొచ్చు.

ఇక కాయ సైజు. ఎరువు పోస్తే కాయ ఊరుతుందని అందరూ అనుకుంటారు. అసలు కిటుకు కాయ లోపలి గదుల్లో ఉంది. మన నాటు టమాటాని అడ్డంగా కోస్తే రెండు మూడు గదులుంటాయి, వాటి నిండా గింజలూ రసమూ. బ్రాండీవైన్‌లాంటి ఈ పెద్ద కాయల బీఫ్‌స్టేక్ రకాల్లో చిన్న చిన్న గదులు బోలెడు, మధ్యంతా కండే. ఆ గదులెన్నో పువ్వు మొగ్గగా ఉన్నప్పుడే తేలిపోతుంది. రకం ఒకటి, మొగ్గ కట్టేనాటికి మొక్కకున్న బలం ఒకటి. ఆ తర్వాత నువ్వెన్ని డబ్బాలు పోసినా గదులు పెరగవు, ఆకు పెరుగుతుంది. నీ మొక్క ఆరడుగులు ఎందుకైందో అర్థమైందిగా. నత్రజని మేసి ఒళ్లు పెంచుకుంది.

ఈ కాంపిటీషన్లవాళ్లు ఏం చేస్తారో తెలుసా? మొదటి గుత్తుల్లో రెండు మూడు పూలు కలిసిపోయి లావుగా, వెడల్పుగా ఒకే పువ్వులా వస్తుంది ఒక్కోసారి. అది కనపడగానే చుట్టుపక్కల పూతంతా గిల్లేసి ఆ ఒక్కదాన్నే సాకుతారు. ఒక్లహోమాలో ఎడ్మండ్ అని ఊరుంది, మనకి మూడు నాలుగు గంటల డ్రైవు. అక్కడ గోర్డన్ గ్రాహమ్ అనే ఆయన 1986లో డెలిషస్ అనే రకంలో 7 పౌన్ల 12 ఔన్సుల కాయ కాయించాడు, అంటే మూడున్నర కిలోలు. 2014లో మినెసోటా ఆయనెవరో దాటేదాకా ప్రపంచ రికార్డు అదే. ఒక్లహోమా ఏమన్నా చల్లటి సీమా? కాదు. కాబట్టి ఎండని తిట్టుకుని లాభం లేదు, అదును పట్టుకోవాలి.

ప్లానోఫిక్స్ సంగతి. మీ నాన్నగారు చెప్పింది మన దగ్గర మిరపకి ఎక్కువగా కొట్టే హార్మోను మందు. మా ఊళ్లోనూ కొట్టేవాళ్లు. ఇక్కడ నర్సరీల్లో టమాటాకి పిందె కట్టించే హార్మోను స్ప్రేలు దొరుకుతాయి. రాత్రి చలికి పూత రాలేటప్పుడు అవి కాస్త పనికొస్తాయి. వేడికి పుప్పొడే చచ్చాక కొడితే మహా అయితే గింజల్లేని డొల్ల కాయ ఒకటో రెండో వస్తుంది. డబ్బు దండగ.

అడుగున నలుపు రోగం కాదు, పురుగూ కాదు. కాయ కొసకి కాల్షియం అందలేదు. అందలేదు అంటే మట్టిలో లేదని కాదు, ఈ నల్లమట్టి కింద ఉన్నదే సున్నపురాయి. కాల్షియం నీళ్లతో పాటే పైకెక్కాలి. రెండ్రోజులు ఎండబెట్టి మూడోరోజు ముంచితే ఎక్కదు. స్ప్రింక్లర్ గడ్డికి. మడికి డ్రిప్ పైపు వేసి, మట్టిలో వేలు దింపితే ఎప్పుడూ ఒకే చెమ్మ తగిలేలా చూసుకో. పైన మూడంగుళాల ఎండుగడ్డి కప్పు. గుడ్డు పెంకులు కరిగేసరికి మీ పిల్లలు కాలేజీకి వెళ్తారు. ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం, అది కాల్షియానికి అడ్డం పడుతుంది, ఇంకా చెడు. అరటితొక్క గురించి నేనేం మాట్లాడను.

పిలకలన్నీ తీసెయ్యమన్నాయన ఏ చల్లటి ఊళ్లోనో ఉండుంటాడు. మన ఎండకి ఆకు నీడ లేకపోతే కాయ భుజాలు తెల్లగా కమిలిపోతాయి. రెండు కాండాలు ఉంచి, మొదటి గుత్తి కింద ఉన్న పిలకలు, నేలకి తగిలే ఆకులు మాత్రం తీసెయ్.


ఎడిసన్_పెద్దమ్మ

నల్లరేగడి గారు చెప్పాక నేను చెప్పేదేముంది గానీ, ఆ వదినగారి ఊరిదాన్నే కాబట్టి నాలుగు మాటలు. అమ్మాయీ, మీ వదిన చెయ్యి గొప్పదే కావచ్చు, కానీ ఆ ఫొటోల్లో సగం గొప్ప మా ఊరి రాత్రులది. జులైలో కూడా చాలా రాత్రులు అరవైల్లోకి దిగుతుంది మాకు. మే నడిమికి నాటితే సెప్టెంబరు దాకా పూత నిలుస్తూనే ఉంటుంది.

అలాగని మాకు సుఖమేం లేదు. జింకలు! కంచె లేకపోతే ఒక్క రాత్రిలో చిగుళ్లన్నీ కొరికేస్తాయి. జులై వానలకి కింది ఆకుల మీద మచ్చలు మొదలై నెల తిరిగేసరికి సగం మొక్క మాడిపోతుంది. పెద్ద వాన పడ్డ మర్నాడు పండబోయే కాయలు తొడిమ దగ్గర్నుంచి నెర్రెలిచ్చేస్తాయి. అందుకే రంగు తిరగ్గానే, ఇంకా దోరగా ఉన్నప్పుడే కోసి వంటగది గట్టు మీద పెట్టేస్తాను. రుచి తగ్గదు, ఆ దశ దాటాక కాయకి మొక్క నుంచి వచ్చేది పెద్దగా ఏమీ ఉండదు. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి.

మాకు ఇక్కడ రట్గర్స్ యూనివర్సిటీ వాళ్ల రామాపో అని ఒక రకం ఉంది. 1968లో తెచ్చారు, తర్వాత కంపెనీలు విత్తనం ఆపేస్తే జనం అడిగి అడిగి 2008లో మళ్లీ తెప్పించుకున్నారు. మరీ రాక్షసి సైజు కాదు, కానీ పులుపూ తీపీ రెండూ ఉంటాయి. పెద్ద కాయ కావాలంటే మార్ట్‌గేజ్ లిఫ్టర్ (ఇంటి అప్పు తీర్చేది) అనే రకం వేస్తాను. దాని కథ వినే ఉంటారు. వెస్ట్ వర్జీనియాలో రేడియేటర్లు బాగుచేసే ఒకాయన 1940ల్లో ఆ మొక్కలు ఒక్కోటి డాలరుకి అమ్మి, ఆరేళ్లలో ఆరువేల డాలర్ల ఇంటి అప్పు తీర్చేశాడట. మా ఇంటి అప్పు మాత్రం ఇంకా అలాగే ఉంది.

ఒక మాట ముందే చెప్తున్నాను, తర్వాత నన్ననకండి. ఈ పెద్ద కాయలు మన వంటకి అంతగా నప్పవు. పులుపు చాలదు. పప్పులో వేస్తే చింతపండు పడాల్సిందే. చారుకైతే నేను విడిగా ఒక రోమా మొక్క పెట్టుకుంటాను. వీటిని చక్రాలుగా కోసి ఉప్పు, మిరియాలపొడి చల్లుకుని తినాలి, లేదా పెరుగు పచ్చడి. కానీ పచ్చికాయ ఉంది చూశారూ, అదీ మన సొత్తు. నిండా ఊరిన పచ్చి బీఫ్‌స్టేక్ కాయ ముక్కలు పచ్చిమిర్చితో మగ్గబెట్టి, వేయించిన నువ్వులు వేసి రోట్లో నూరండి. అక్టోబరులో మంచు పడేముందు మొక్కలు పీకేటప్పుడు బుట్టెడు పచ్చికాయలు మిగులుతాయి. మా తెల్లవాళ్ల వీధిలో అందరూ అవి నాకే తెచ్చిస్తారు.


మిద్దెతోట_కూకట్‌పల్లి

పెద్దమ్మా, పచ్చి టమాటా తొక్కు అంటే మా ఇంట్ల పంచాయితే, ఎవ్వరూ మిగల్చరు.

ఇక్కడ హైదరాబాద్‌ల కూడా కొందరు ఆన్‌లైన్‌ల ఈ బీఫ్‌స్టేక్ విత్తనాలు తెప్పిస్తున్నరు, అందుకే రాస్తున్న. మాకు ఎండకన్న పెద్ద శత్రువు ఆకుముడత వైరస్. తెల్లదోమ మోసుకొస్తది. అమెరికా పాత రకాలకు దాన్ని తట్టుకునే శక్తి లేదు. పైన ఆకులు చిన్నగై, కప్పులెక్క ముడుచుకుంటయి, ఇగ ఆ మొక్క కాయదు, పీకేసుడే. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ వాళ్ల అర్క రక్షక్ రకం పెడితే ఆకుముడతకు, ఎండు తెగులుకు తట్టుకుంటది, కానీ కాయ వంద గ్రాముల లోపే. పెద్ద కాయే కావాలన్న పట్టుదల ఉంటే, ఆగస్టు చివర్ల నారు పోసి, నారు మీద సన్న వల కప్పి, వానలు తగ్గినంక పెద్ద గ్రో బ్యాగులకు మార్చాలె. నవంబర్, డిసెంబర్ రాత్రులు చల్లగుంటయి, పిందె అప్పుడే పడుతది. పసుపురంగు జిగురు అట్టలు, వేపనూనె తప్పవు. మార్చి దాటినంక ఆశ పెట్టుకోవద్దు.

ఇంకో ముచ్చట. మిద్దె మీద తుమ్మెదలు తక్కువ. టమాటా పువ్వు లోపల పుప్పొడి గొట్టంల ఉంటది, అది కదిలిస్తేనే రాలుతది. తేనెటీగకు ఆ పని రాదు. నేను పొద్దున తొమ్మిది, పది మధ్యల పూల గుత్తి వెనక పాత ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్ ఒక్క క్షణం ఆనిస్త. ఫ్రిస్కో అక్క, మీరు గూడ చూడండ్రి.


పెరటిపిచ్చి_ఫ్రిస్కో

అందరికీ చాలా థ్యాంక్స్. నల్లరేగడి బాబాయ్ గారూ, నిన్న రాత్రి 78 చూపించింది ఫోన్. రాలిన పువ్వులు చూశాను, మీరు చెప్పినట్టే అన్నీ ఆ కణుపు దగ్గరే తెగాయి. నాన్నకి మీ మెసేజ్ చదివి వినిపిస్తే "మిరపకీ టమాటాకీ తేడా నాకు తెలీదా" అని కాసేపు కోపం చేసి, తర్వాత పలనాడులో ఏ ఊరో కనుక్కోమన్నారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ నాలుగు మొక్కల్నీ ఉంచాలా, పీకెయ్యాలా? టూత్‌బ్రష్ పెడితే ఇప్పుడైనా నిలుస్తాయా? ఆకుల వెనక సన్నగా దుమ్ములాంటిది కూడా కనిపిస్తోంది. నీళ్లు కొట్టినా పోవట్లేదు.


నల్లరేగడి_ప్లానో

ఊరు సత్తెనపల్లి దగ్గర, నాన్నగారికి నమస్కారాలు చెప్పు.

పుప్పొడి చచ్చాక బ్రష్షు ఏం చేస్తుంది? దాన్ని సెప్టెంబరుకి దాచు. ఆ దుమ్ము దుమ్ము కాదు. ఒక ఆకు తెల్లకాగితం మీద దులుపు, చుక్కలు నడుస్తుంటే అది ఆకుల రసం పీల్చే ఎర్రనల్లి. మన ఎండా వేడిగాలీ దానికి పండగ. ఆకుల అడుగుభాగాన తగిలేలా పొద్దున్నే గట్టిగా నీళ్లు కొట్టు, మూడు నాలుగు రోజులకోసారి. ఆకులు కంచురంగు తిరిగాయంటే మాత్రం ఇక ఆ మొక్కని కాపాడుకోలేం.

నన్నడిగితే మూడు పీకెయ్. ఆ మంచి కాయ ఉన్న ఒక్కటీ ఉంచు, నీ ఫొటో కోసం. దాని పైన 30 శాతం నీడ వల కట్టు. రంగు తిరగ్గానే కొయ్యి, లేకపోతే ఈ మాకింగ్‌బర్డ్ పిట్టలు నీకన్నా ముందు లేచి పొడిచేస్తాయి. ఖాళీ అయిన మడిలో సగం గోంగూర, బెండ చల్లు. మనలాంటివాళ్ల కోసమే దేవుడు టెక్సాస్ జులైని చేశాడు, గోంగూరకి ఇంతకన్నా మంచి ఎండ గుంటూరులో కూడా దొరకదు.

మిగతా సగంలో రెండో కారు, అంటే రెండో పంట, టమాటా. చాలామందికి ఇది తెలీదు. మనకి టమాటా ఏడాదికి రెండుసార్లు. జూన్ చివర నుంచి జులై నడిమి లోపల మొక్క పాతితే, ఎండల్లో వేళ్లు దించుకుని, సెప్టెంబరు రాత్రులు చల్లబడగానే పిందె పడుతుంది. మొదటి మంచు సాధారణంగా నవంబరు రెండో సగం దాకా రాదు. ఈ కారుకి బ్రాండీవైన్ వద్దు, అంత వ్యవధి లేదు. బిగ్ బీఫ్, లేదా సెలబ్రిటీ రకం పెట్టుకో. 70 రోజులకి అటూ ఇటూగా కాపుకొస్తాయి. బిగ్ బీఫ్ ముప్పాతిక పౌను దాకా తూగుతుంది, రుచి మంచిది, రోగాలకి తట్టుకుంటుంది. బ్రాండీవైన్ మీద మోజు తీరకపోతే వచ్చే జనవరిలో విత్తనం వేద్దువుగాని, ఒక్క మొక్క, మార్చిలో నాటేటట్టు.

ఈ రోజుల్లో నర్సరీలో మంచి టమాటా నారు దొరకదు, దొరికినా ఎండి సగం చచ్చి ఉంటుంది. అక్కర్లేదు. నా బిగ్ బీఫ్ మొక్కలకి నల్లి రాలేదు ఇంకా. జానెడు పొడుగు పక్క పిలకలు తుంచి, కింది ఆకులు తీసి నీళ్ల గ్లాసులో పెడితే వారం పది రోజుల్లో వేళ్లొస్తాయి. కుండీలో వారం నీడన ఉంచి మడిలో పాతడమే. విత్తనం నుంచి అయితే నెలన్నర పైన పట్టేది.

శనివారం ఎనిమిదింటికల్లా రా. తడిపిన పేపర్ టవలూ, జిప్‌లాక్ సంచులూ తెచ్చుకో. తొమ్మిది దాటితే నేను తలుపు తియ్యను, బయట ఎండ.


పెరటిపిచ్చి_ఫ్రిస్కో

తప్పకుండా వస్తాను బాబాయ్ గారూ. గోంగూర విత్తనాలు మీ దగ్గరున్నాయా, లేక ఇండియన్ స్టోర్‌లో కట్ట కొని కాడలు పాతుకోవచ్చా?


నల్లరేగడి_ప్లానో

కాడలు కూడా బతుకుతాయి, తాజాగా ఉంటే. విత్తనం ఇస్తాలే, ఎర్ర కాడది. కానీ చెప్తున్నా, దాన్ని పూతకి వదలకు, నడుము ఎత్తు దాటకముందే కోసేస్తూ ఉండు.